నవ్వొచ్చిన పేజీ

తాడ్వాయి చుట్టుపక్కల ప్రాథమిక బళ్ళలో పిల్లల మధ్య చాప మీద కూర్చుని కథల పుస్తకాలు చదివి వినిపించడం నాకు అలవాటు. అలా చదువుతున్నప్పుడు కంటబడిన ఒక చిన్న సంగతి నన్ను వదలడం లేదు. బొమ్మలో నవ్వొచ్చే చోటు రాగానే పిల్లలు ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. ఆ తర్వాతే నవ్వుతారు. నవ్వుతూ నవ్వుతూ ఒక్క క్షణం పుస్తకం మీదనుంచి కళ్ళెత్తి నా మొహం చూస్తారు. నవ్వవచ్చునా అని అడుగుతున్నట్టు ఉంటుంది ఆ చూపు. ఇదే పిల్లలు ఇంటర్వెల్లులో వేపచెట్టు కింద కడుపు పట్టుకుని నవ్వుతారు. అక్కడ ఎవరి చెయ్యీ నోటికి అడ్డం రాదు. మరి కాగితం మీద అక్షరాలున్న చోటే ఆ చెయ్యి ఎందుకు లేస్తుంది? వాళ్ళను ఎవరైనా కసిరారా అంటే, నేను చూసినంతలో ఎవరూ కసరలేదు. ఎవరూ చెప్పకుండానే ఏడేళ్ళ పిల్ల ఆ నియమం ఎక్కడ నేర్చుకుంది? పుస్తకం అంటే కిక్కురుమనకుండా కూర్చోవలసిన వస్తువని, అందులో ఉన్నది ఏదైనా రేపు అప్పజెప్పవలసిందేనని, మొదటి పరిచయంలోనే వాళ్ళకు అర్థమైపోయిందేమో. అలా అయితే ముందు బాగుచేయవలసింది ఆ పరిచయాన్నే కదా అనిపిస్తుంది. ఈ ఆలోచన మొదలైంది అక్కడే.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వైపు పోయే దారిలోని ప్రాంతం మాది. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడేదాకా నిజామాబాదులో ఉన్న మండలం. ఎర్రపహాడ్, కృష్ణాజివాడి, సంగోజివాడి, బ్రహ్మాజివాడి, సంతాయిపేట, దేమికలాన్ అంటూ ఊళ్ళ పేర్లు పలుకుతుంటేనే ఇక్కడ ఎన్ని భాషలు కలిసి నడిచాయో తెలుస్తుంది. వరి, మక్క పండే నేల. మగవాళ్ళు దుబాయికో సౌదీకో పోయిన ఇళ్ళున్నాయి. అరుగుల మీద చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేసే ఆడవాళ్ళున్నారు. తండా నుంచి వచ్చే పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, కొందరు ఉర్దూ మాట్లాడతారు, మిగతావాళ్ళు మాట్లాడే తెలుగుకీ పాఠ్యపుస్తకంలో అచ్చయిన తెలుగుకీ మధ్య కూడా కొంత దూరముంది. ఇలాంటి ఇళ్ళల్లో పుస్తకమంటే బడిసంచిలో ఉన్నదే. అదికాక మరొకటి ఇంట్లో కనిపించడం అరుదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రతి బడికీ గ్రంథాలయం ఉండాలనీ, అందులో కథల పుస్తకాలు కూడా ఉండాలనీ స్పష్టంగా చెప్పింది. పుస్తకాలు వచ్చిన చోట్లు ఉన్నాయి. చిరిగిపోతాయన్న భయంతో వాటిని బీరువాలో పెట్టి తాళం వేసిన చోట్లూ ఉన్నాయి. చిరగని బొమ్మల పుస్తకాన్ని ఎవరూ చదవలేదనే అర్థం చేసుకోవాలని నాకనిపిస్తుంది. కానీ ఏడాది చివర లెక్క చూపించవలసిన టీచరు భయాన్ని కూడా కాదనలేను.

పిల్లలకు మంచి పుస్తకాలు చెప్పండి అని అడిగేవాళ్ళు తరచూ తగులుతారు. ప్రేమగానే అడుగుతారు. కొంచెంసేపు మాట్లాడితే తెలుస్తుంది, వాళ్ళు అడుగుతున్నది బుద్ధి చెప్పే పుస్తకాల గురించి. కథ చివర గీత గీసి కింద నీతి రాసి ఉంటే వాళ్ళకు నిశ్చింత. నేను నవ్వించే బొమ్మల పుస్తకాల పేర్లు చెబితే మొహమాటంగా తలూపి, అవి సరే, చదువుకు పనికొచ్చేవి చెప్పండి అంటారు. వాళ్ళ ఆందోళన అబద్ధం కాదు. అయిదో తరగతికి వచ్చినా రెండో తరగతి వాచకం తడబడుతూ చదివే పిల్లలు నిజంగానే ఉన్నారు. చదవడం, రాయడం, లెక్కలు గట్టిపడాలనే 2022లో తెలంగాణలో ఒకటి నుంచి అయిదు తరగతులకు తొలిమెట్టు కార్యక్రమం మొదలుపెట్టారు. అదే ఏడాది ఫిబ్రవరిలో వంద రోజుల చదువుల ఉద్యమం కూడా నడిపారు. ఇంత అవసరం ముందుండగా నవ్వు గురించి మాట్లాడటం సమంజసమేనా అని నేనూ నన్ను అడుగుతుంటాను. ముందు అక్షరాలు రానీ, తర్వాత నవ్వవచ్చు అనే వాదన వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ నవ్వకుండా నేర్చిన అక్షరాలతో పిల్ల మళ్ళీ పుస్తకం దగ్గరకు తనంతట తాను వస్తుందా?

ఈ ప్రశ్నకు నాకు దొరికిన జవాబు చాలా దూరం నుంచి వచ్చింది. రష్యన్ రచయిత కొర్నేయ్ చుకోవ్‌స్కీ రెండు నుంచి అయిదేళ్ళ పిల్లల మాటలను ఏళ్ళ తరబడి పోగుచేసి ఒక పుస్తకం రాశాడు. అందులో తన కూతురి సంగతి ఒకటి చెబుతాడు. ఇంకా రెండేళ్ళు నిండని ఆ పిల్ల ఒకరోజు తండ్రి దగ్గరకు వచ్చి కుక్క మ్యావ్ అంటుందని చెప్పి, తన మాటకు తనే పడీపడీ నవ్విందట. తప్పు చెప్పిందనుకుని దిద్దబోతే ఆ నవ్వు అర్థం కాదు. కుక్క మొరుగుతుందని, పిల్లి మ్యావ్ అంటుందని గట్టిగా తెలిసింది కాబట్టే ఆమెకు వాటిని తారుమారు చేసే ధైర్యం వచ్చింది. తెలియనివాళ్ళకు ఆ మాటలో నవ్వు లేదు. ఇది చదివినప్పటినుంచి నాకు తరగతి గదిలోని నవ్వు వేరుగా వినిపిస్తోంది. పిల్ల నవ్విందంటే లోకం మామూలుగా ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు, ఈ పేజీలో అది ఎక్కడ తప్పిందో కూడా తెలుసు. ఈ రెండూ తెలిశాయని చూపించే పరీక్ష పేపరు ఏదైనా ఉందా? చదివి వినిపించమంటే గుక్కతిప్పుకోకుండా చదివేసే పిల్లవాడు కథ అర్థం కాకుండానే చదివి ఉండవచ్చు. సరైన చోట నవ్విన పిల్లవాడి విషయంలో మాత్రం ఆ అనుమానం అక్కర్లేదు.

ఆ మ్యావ్ చుట్టూనే వ్లదీమిర్ సుతేయెవ్ ఒక బొమ్మల కథ అల్లాడు. సోవియట్ యానిమేషన్ సినిమాలు తీసిన తొలితరం వాళ్ళలో ఆయనొకడు. అందుకే ఆయన గీసిన జంతువులు కాగితం మీద నిలబడి ఉండవు, ఎటో పోతూ ఉంటాయి. ఒక కుక్కపిల్ల నిద్రపోతుంటే ఎవరో మ్యావ్ అంటారు. ఎవరన్నారా అని అది లేచి కోడిపుంజునీ, ఎలుకనీ, తేనెటీగనీ, చేపనీ, కప్పనీ అడుగుతూ తిరిగి తిరిగి దెబ్బలు తింటుంది. వింటున్న పిల్లలందరికీ మొదటి పేజీలోనే జవాబు తెలుసు. ఒక్క కుక్కపిల్లకే తెలియదు. పిల్లలు ఉండబట్టలేక పిల్లి సారూ పిల్లి అని అరుస్తారు. ఒకప్పుడు మాస్కో నుంచి తెలుగులోనే అచ్చయి వచ్చిన ఇలాంటి పుస్తకాలను విశాలాంధ్ర వాళ్ళు ఊరూరా అమ్మేవారు. సోవియట్ యూనియన్ పోయాక ఆ రాక ఆగిపోయింది. తర్వాత సికింద్రాబాదులోని మంచి పుస్తకం అనే ప్రచురణ సంస్థ వాళ్ళు వాటిలో చాలావాటిని మళ్ళీ అచ్చువేసి తక్కువ ధరకు అందిస్తున్నారు. పదిమందిలో ఎప్పుడూ వెనకబడినట్టు కనిపించే పిల్లకు, పుస్తకంలో ఒక పాత్ర కంటే తనకే ఎక్కువ తెలుసు అన్న అనుభవం ఎంత విలువైనదో ఆ అరుపుల్లో విన్నాను. నవ్వించే పుస్తకాన్ని ఎంచడానికి నేను మొదట చూసేది దీన్నే. పాత్రకు తెలియనిది చూసే పిల్లకు తెలుస్తోందా?

బొమ్మ చేసే పని ఏమిటో నాకు బాగా చూపించిన పుస్తకం మరొకటి ఉంది. ఇంగ్లండుకు చెందిన ప్యాట్ హచిన్స్ 1968లో వేసిన రోజీ అనే కోడిపెట్ట షికారు కథ. మొత్తం పుస్తకంలో ముప్ఫై రెండు ఇంగ్లిష్ మాటలు, అవీ ఒకే వాక్యం. కోడిపెట్ట దొడ్డిలో తిరిగి వేళకు ఇంటికి చేరిందన్నదే ఆ వాక్యం చెప్పే విషయం. బొమ్మల్లో మాత్రం దాని వెనకాలే ఒక నక్క ఉంటుంది. దూకిన ప్రతిసారీ ఏదో ఒకటి నెత్తిన పడుతుంది, లేకపోతే తానే నీళ్ళల్లోనో గడ్డిలోనో పడుతుంది. రాసిన మాటల్లో నక్క పేరే ఎత్తరు. కోడి వెనక్కి తిరిగి చూడనే చూడదు. ఈ పుస్తకం చూపిస్తూ తెలుగులో చెబుతుంటే తండా పిల్ల ఒకామె అందరికంటే ముందు నవ్వింది. నక్క పడ్తది సూడుండ్రి అని పక్కవాళ్ళను మోచేత్తో పొడిచింది. వాచకం చదివే వేళ ఆమె గొంతు వినిపించేది కాదు. ఆమెకు తెలుగు రాదని కాదు, తప్పు పలికితే ఎవరైనా నవ్వుతారేమోనన్న భయం. ఈ పుస్తకం ముందు అందరూ ఒకే చోటనుంచి బయలుదేరారు. బొమ్మ చదవడానికి యాస అడ్డం రాదు. ఇప్పుడు మన సర్కారు బళ్ళలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్ ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. రెండింటి మధ్యా చిక్కుకున్న పిల్లలకు మాట కంటే ముందు నడిచే బొమ్మ ఎంత అవసరమో ఆలోచించండి. అచ్చు చెప్పనిది బొమ్మ చెబుతుంటే, ఆ ఖాళీలో పిల్ల తన మాటలు పెట్టుకుంటుంది. చదవడం అంటే అదే కదా?

మనకు ఇలాంటివి లేవా అని నన్ను నేను గట్టిగానే అడిగాను. కథలకు కొదవ లేదు. పరమానందయ్య శిష్యులు ఏరు దాటి లెక్కపెట్టుకుంటూ, ఎవరికి వారు తమను వదిలేసి, ఒకడు మునిగిపోయాడని ఏడుస్తుంటే, వినే పిల్లకు ఉన్నది ఎందరో తెలుసు. ఏడు చేపల కథ ఒక ప్రశ్న వెనక ఒక ప్రశ్నగా సాగుతుంటే, వచ్చే జవాబు ముందే అందుకోవడంలో పిల్లలకు ఆనందం. కథలో ఉన్న ఆ నవ్వును బొమ్మలోకి తెచ్చినవాళ్ళు మాత్రం తక్కువమందే. 1947 జూలైలో మొదలైన చందమామలో చిత్ర, వపా, శంకర్ గీసిన బొమ్మలు చూస్తూ తరాలు పెరిగాయి. ఆ బొమ్మల్లో అందం ఉంది, వింత ఉంది, భయం ఉంది. నవ్వు ఎక్కువగా కథలోనే ఉండేది. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు దంపతులు 1945లో మొదలుపెట్టిన బాల పత్రిక పుటల్లోంచి ముళ్ళపూడి వెంకటరమణ, బాపు వచ్చారు. తర్వాత వాళ్ళిద్దరూ కలిసి బుడుగును ఇచ్చారు. ఎవరైనా మొదట చెప్పే పేరు అదే. అయినా మూడో తరగతి పిల్ల చేతికి బుడుగును ఇచ్చి నువ్వే చదువుకో అనగలమా? అది పెద్దల వారపత్రికలో పెద్దలు చదివిన రచన. తమ బాల్యం గుర్తున్నవాళ్ళు నవ్వే నవ్వు అందులో ఎక్కువ. రెండుజెళ్ళ సీత, బాబాయి, ఆ కోస్తా ఇంటి మాటల తీరు, తాడ్వాయి పిల్లకు ఒక్కసారిగా అందవు. కానీ పెద్దవాళ్ళెవరైనా పక్కన కూర్చుని, బాపు బొమ్మ చూపిస్తూ, గొంతు మార్చి చదివితే వాక్యం తెలియకపోయినా అల్లరి తెలుస్తుంది. అందుకే ఇలాంటి పుస్తకాన్ని పిల్లలకు ఇవ్వమని చెప్పను, పిల్లలతో చదవమని చెబుతాను.

నవ్వంతా మంచిదేనా? ఇక్కడ నేను చాలాసేపు ఆగాను. మన పాత హాస్యం నిండా నత్తివాడు, చెవిటివాడు, లావుపాటివాడు, బట్టతలవాడు, నల్లటివాడు ఉంటారు. పట్నం వచ్చి తికమకపడే పల్లెటూరివాడు ఉంటాడు. ఒక పుస్తకంలో లావుగా ఉన్న పిల్లవాడి బొమ్మ చూసి తరగతంతా నవ్వితే, ఆ రోజు మధ్యాహ్నానికల్లా ఆ పేరు తరగతిలో ఎవరికి అతుక్కుంటుందో మనకు తెలుసు. వాడికి ఆ పుస్తకం జన్మంతా గుర్తుంటుంది, అందులో నవ్వు మాత్రం మిగలదు. కాబట్టి నవ్వొచ్చిందా అని చూస్తే సరిపోదు, ఎవరిని చూసి నవ్వొచ్చింది అని కూడా చూడాలి. రోజీ కథలో నక్కను చూసి నవ్వుతాం. అది బలమైనది, తినాలని వచ్చింది, తన ఆత్రానికి తానే బోర్లాపడింది. నేషనల్ బుక్ ట్రస్ట్ ప్రచురణల్లో మిక్కీ పటేల్ గీసిన రూప అనే ఏనుగు కథ ఉంది. తన బూడిద రంగు తనకే నచ్చని ఏనుగు అది. రంగు తక్కువని విన్న పిల్లలు మన బళ్ళల్లో ఎందరున్నారో తలుచుకుంటే, ఆ ఏనుగును చూసి నవ్వుతూనే దాని పక్కన నిలబడటం వాళ్ళకు ఎంత ఊరటో తెలుస్తుంది. నొప్పి కలిగించని నవ్వును ఎంచడం చిన్న పని కాదు. పుస్తకాలు సూచించే వాళ్ళు నిజంగా బాధ్యత తీసుకోవలసింది ఇక్కడేనని నా నమ్మకం.

నవ్వూ చదువూ వేరువేరు అన్న భ్రమ మన ఒక్కరిదే కాదు. అమెరికాలో 1954లో జాన్ హెర్సీ అనే రచయిత, బడి వాచకాల్లోని చప్పిడి బొమ్మల వల్ల పిల్లలు చదువు మీద విసిగిపోతున్నారని లైఫ్ పత్రికలో రాశాడు. ఆ చర్చలోంచి డాక్టర్ స్యూస్ 1957లో టోపీ పెట్టుకున్న పిల్లి పుస్తకం తెచ్చాడు. కేవలం 236 వేర్వేరు మాటలనే మళ్ళీమళ్ళీ వాడుతూ, ఇల్లంతా తలకిందులు చేసే అల్లరిని అందులో ఇమిడ్చాడు. తేలిక మాటలంటే చప్పటి మాటలు కానక్కర్లేదని అది నిరూపించింది. మన దేశంలో అంతకు ముందే గిజుభాయి బధేకా గుజరాతులోని భావనగర్‌లో ఇదే బాటలో నడిచాడు. పగటికల పేరుతో తెలుగులోకి వచ్చిన ఆయన పుస్తకంలో ఒక ఉపాధ్యాయుడు సిలబస్సు పక్కన పెట్టి కథలతో మొదలుపెడతాడు. తోటివాళ్ళు ఎగతాళి చేసినా, పిల్లలు ఆయన్ని వదలరు. ఇప్పుడు మనకు దారులు ఇంకా ఎక్కువ. ప్రథమ్ బుక్స్ 2015లో తెరిచిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఫోనులోనే డబ్బు లేకుండా చదువుకోవచ్చు, అచ్చువేసుకోవచ్చు. రోహిణి నీలేకని రాసిన శృంగేరి శ్రీనివాస్ కథ ఆ సంస్థదే. ఏడాదికి ఒకేసారి జుట్టు కత్తిరించుకునే ఆ మనిషికి ఆ రోజున మంగలి మొదలు భార్య దాకా ఎవరికీ తీరిక దొరకదు. చెన్నైలోని తులికా వాళ్ళు తెలుగులోనూ బొమ్మల పుస్తకాలు వేస్తున్నారు. పుస్తకాలు దొరకవు అన్న మాట ఇవాళ పూర్తి నిజం కాదు. అవి పిల్ల చేతిదాకా రావడమే జరగడం లేదు.

చేతిదాకా వచ్చాక అవి ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్న దగ్గర నాకు క్యూబా గుర్తొస్తుంది. 1865లో హవానా చుట్టల కార్ఖానాల్లో కార్మికులు ఒక ఏర్పాటు చేసుకున్నారు. తలా కొంత తమ కూలిలోంచి వేసుకుని ఒక చదువరిని పెట్టుకున్నారు. వాళ్ళ చేతులు పొగాకు చుడుతుంటే అతను ఎత్తు మీద కూర్చుని పత్రికలు, నవలలు చదివి వినిపించేవాడు. మరుసటి ఏడాదే పాలకులు దాన్ని నిషేధించినా ఆ అలవాటు చావలేదు, మళ్ళీ లేచింది. మన అరుగుల మీద కూడా తునికాకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ, దారం చుడుతూ చేతులు పనిలో ఉంటాయి, చెవులు ఖాళీగా ఉంటాయి. బడి నుంచి బొమ్మల పుస్తకం ఇంటికి తెచ్చిన పిల్ల ఆ చాటల మధ్య కూర్చుని చదివితే? అమ్మకు బొమ్మ కనబడేలా పుస్తకం తిప్పి పట్టుకుని, నక్క పడ్డ చోట ఆగి, ఎందుకు పడ్డదో తన మాటల్లో చెబితే? తల్లికి చదువు రాకపోయినా నవ్వొస్తుంది. బిడ్డ చదవడం చూసి కాదు, కథ విని నవ్వుతుంది. తన నోటి మాటకు అమ్మ నవ్విన పిల్లకు ఆ పుస్తకం సొంతమైపోతుంది. నెలకోసారైనా ఇంటికి పుస్తకం పంపే బడి ఉంటే, చిరిగిన పేజీ జిగురు పెట్టి అతికించుకునే ఓపిక ఉంటే, ఇది ఖర్చులేని పని. వీడియో కాలులో దుబాయి తండ్రికి కూడా ఆ బొమ్మ చూపించవచ్చు.

ఒక లోటు మాత్రం బాధపెడుతూనే ఉంది. నేను పేర్లు చెప్పిన పుస్తకాల్లో మా ఊరు లేదు. మక్కచేనులోకి గుంపుగా దిగే కోతులు, మధ్యాహ్న భోజనంలో గుడ్డు కోసం జరిగే తంత్రాలు, ఎల్లారెడ్డి బస్సులో సీటు కోసం కిటికీలోంచి పడే తువ్వాలు, బతుకమ్మకు తంగేడు పూల కోసం పిల్లల మధ్య పోటీ, ఇవన్నీ బొమ్మలు గీసేవాళ్ళ కోసం ఎదురుచూస్తున్నాయి. నల్లగొండ వైపు ఉపాధ్యాయుడిగా పనిచేసిన పెండెం జగదీశ్వర్ పిల్లల కోసం కథలు రాశాడు, బొమ్మలూ గీశాడు. అనంతపురం జిల్లా నుంచి 2008లో మొదలైన కొత్తపల్లి పత్రికలో పిల్లలు రాసిన కథలు కూడా వచ్చాయి. అంటే ఇది ఎక్కడో పట్నంలోనే జరగవలసిన పని కాదు. ఒక తరగతి పిల్లలు కలిసి కోతి కథ చెప్పి, బొమ్మలు గీసి, దారంతో కుట్టుకున్నా అది పుస్తకమే. అందులో వాళ్ళ మాట వాళ్ళు మాట్లాడినట్టే ఉండనివ్వాలి. దాన్ని సరిచేసి గ్రాంథికం చేస్తే నవ్వు పోతుంది.

ఇప్పుడు నన్ను ఎవరైనా ఏ పుస్తకం కొనమంటారని అడిగితే, పేర్లు చెబుతాను, కానీ ముందు ఒక మాట అడుగుతాను. కొన్నాక పిల్లకు ఏం ప్రశ్న వేస్తారు? ఈ కథలో నీతి ఏమిటి అని మీరు అడగబోతున్నట్లయితే ఎంత మంచి పుస్తకమైనా మళ్ళీ వాచకమే అయిపోతుంది. నీకెక్కడ నవ్వొచ్చింది అని అడగండి. పిల్ల వెతికి ఆ పేజీ తీస్తుంది. ఎందుకు నవ్వొచ్చిందో చెప్పడానికి ముందు ఏం జరిగిందో చెప్పవలసి వస్తుంది, తర్వాత ఏం జరగాల్సిందో, జరిగింది దానికి ఎలా తేడానో చెప్పవలసి వస్తుంది. కారణం, క్రమం, పోలిక, ఊహ, అన్నీ ఆ చిన్న జవాబులోకి వచ్చి కూర్చుంటాయి. తొలిమెట్టు కోరేదీ, విద్యాహక్కు చట్టం ఆశించేదీ, మన ఆందోళనపడే తల్లిదండ్రులు అడిగేదీ ఆ జవాబులో ఉంది. పుస్తకం పేరు కంటే ఆ ప్రశ్ననే నేను ఎక్కువ నమ్మకంతో సిఫారసు చేస్తాను.